ముసుగు తీసే వేళ



సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడు కారు రంగుల గురించి వ్రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మొదట నేనూ నవ్వుకొన్నాను. మొన్న మాఘమాసంలో విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద మూడు రోజులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొన్నాను. అక్కడ నేర్చుకొన్నది, 34 ఏళ్లు నల్లబల్ల ముందు నిలబడి నేను చెప్పినదానికన్నా తక్కువదేమీ కాదనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

కారు మా అబ్బాయిది. 2017లో కొన్నాడు. వెండిరంగుది. ఉద్యోగం పూణేకు మారాక దాన్ని నాకు అప్పగించి వెళ్ళాడు. రైతుబజారుకూ గుడికీ, ఎప్పుడైనా పెళ్ళిళ్ళకూ మా శ్రీమతిని ఎక్కించుకొని నేనే నడుపుతూ వచ్చాను. గడచిన సంవత్సరంలో ఆ కారు ఎడమవైపు మూడు గీతలు పడ్డాయి. మూడూ మా ఇంటి గేటు స్తంభం పెట్టినవే.

మొదటి గీత పడినప్పుడు, కుడివైపు కూర్చొని నడిపేవాడికి ఎడమ అంచు అందదులే అని సరిపెట్టుకొన్నాను. రెండవసారి గేటు ఇరుకును నిందించాను. మూడవది మాత్రం చిన్నది కాదు. వెనుక తలుపు నడుమనుంచి చక్రం మీది రేకుదాకా మూరెడు పొడవున రంగు లేచిపోయింది, రేకు సొట్టపోయింది. "ఏమండీ, ఇదెప్పుడైంది?" అని మా శ్రీమతి అడిగింది. "కూరగాయలు కొంటుండగా ఎవడో మోటారు సైకిలువాడు గీసిపోయాడు" అన్నాను. భాషాప్రవీణుడి అబద్ధం కూడా వ్యాకరణయుక్తంగానే ఉంటుంది. క్రియను అలాగే ఉంచి కర్తను మాత్రం మార్చాను.

ఉగాదికి అబ్బాయి వస్తానన్నాడు. ఆలోపల కారు యథాపూర్వంగా ఉండాలి. బీమా కింద చేయిద్దామంటే, ప్రమాదం ఎలా జరిగిందో కాగితం మీద వ్రాసి సంతకం పెట్టాలి. నోటితో ఆడిన అబద్ధాన్ని చేతితో వ్రాయడానికి మనసొప్పలేదు. అందుచేత ఒక పాత సహోద్యోగి చెప్పిన గురుతులు పట్టుకొని ఆటోనగర్ చేరాను.

ఒకచోట లారీ క్యాబిన్లు కట్టే సుత్తుల మోత, ఇంకొకచోట వెల్డింగు మెరుపులు, ఇంజను నూనెతో నల్లబడ్డ నేల. ఆ వీథులు దాటాక ఒక మూల మేస్త్రి షెడ్డు. మనిషికి యాభై దాటివుంటాయి. మితభాషి. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. గీత మీద ముందు అరచేయి బల్లపరుపుగా ఆనించి, కళ్ళు మూసుకొని మెల్లగా జరిపాడు. "కన్ను మోసం చేస్తుంది మాస్టారూ, చేయి చెయ్యదు" అన్నాడు. ఆ మాట లోతు అప్పుడు నాకు తెలియలేదు.

"సాయంత్రానికి అయిపోతుందా?" అని అడిగాను.

"రంగు వెయ్యడం అరగంట పనండి. రంగు వెయ్యడానికి సిద్ధం చెయ్యడమే రెండు రోజులు."

ఆ రెండు రోజులూ చూడాలని బుద్ధి పుట్టింది. ఇంట్లో ఉంటే మా శ్రీమతి మొగం చూడవలసివస్తుందన్నది కూడా ఒక కారణమే.

మొదటి పని కడగడం. సబ్బునీళ్ళతో కడిగి ఆరనిచ్చాక, జిడ్డు వదిలించే ద్రావకాన్ని ఒక గుడ్డతో పూసి, అది ఆరిపోకముందే మరొక పొడిగుడ్డతో తుడిచాడు. ఉప్పుకాగితం చేతబట్టకముందే ఇంత శుభ్రమెందుకని అడిగాను. జిడ్డు ఉండగా రుద్దితే అది గీరిన గాట్లలోకి దిగిపోతుందట. ఆ తరువాత వేసిన రంగు అక్కడ నిలవక, వెనక్కు ముడుచుకొని చిన్న చిన్న గుంటలు పడతాయట. వాటిని వాళ్ళు చేపకళ్ళంటారు. ఒంటికి నూనె పూసుకొన్నప్పుడు నీళ్ళు నిలవనట్లే. తుడిచిన గుడ్డ వాసన చూసి మేస్త్రి, "పాలిష్ గట్టిగా పట్టించారండీ" అన్నాడు. నిజమే. మొదటి రెండు గీతలూ కనబడకుండా సిలికాను కలిసిన మెరుగు ద్రవాన్ని బజారులో కొని నేనే దట్టంగా పూశాను. తప్పును దాచడానికి పూసినదే దిద్దుబాటుకు మొదటి అడ్డంకి అయిందన్నమాట.

తరువాత టింకరింగు. తలుపు లోపలి అట్ట విప్పి, వెనుకనుంచి దిమ్మె ఆనించి, ముందునుంచి చిన్న సుత్తితో తట్టుతూ సొట్టను పైకి తెచ్చారు. ఆపైన ఉప్పుకాగితం. దాని సంఖ్య పెరిగినకొద్దీ గరుకు తగ్గుతుంది. దెబ్బ తిన్న చోటును 80తో గీరి, చుట్టూ ఉన్న పాత రంగు అంచును 180తోనూ, 320తోనూ పలచబరిచారు. అప్పుడు చూడాలి ఆ రేకును! నడుమ లోహం, దాని చుట్టూ బూడిదరంగు ప్రైమరు, ఆపై వెండిరంగు, అన్నిటికన్నా వెలుపల పారదర్శకమైన పైపూత. చెట్టు మొదలు కోసినప్పుడు కనబడే వలయాల్లాగా ఒకదాని చుట్టూ ఒకటి కనబడ్డాయి. ఒక వలయం ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట వ్రేలు పెట్టి జరిపితే మెట్టు తగలకూడదు. తగిలితే ఎంత రంగు వేసినా ఎండలో ఆ మెట్టు కనబడుతుంది.

మేస్త్రి నా వ్రేలు పట్టుకొని ఆ అంచు మీద నడిపించాడు. ఏమీ తగలలేదు. సంధి అంటే ఇదే కదా అనిపించింది. రెండు పదాలు కలిసిన చోటు చెవికి తెలియరాదు. ఆదేశం శత్రువులాంటిదనీ, ఉన్నదాన్ని వెళ్ళగొట్టి ఆ చోట కూర్చుంటుందనీ, ఆగమం మిత్రుడిలాంటిదనీ, పక్కన వచ్చి చేరుతుందనీ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! ఈ పనిలో ఆ రెండూ ఉన్నాయి. పాడైన రంగును పూర్తిగా వెళ్ళగొట్టాలి. బాగున్న రంగు పక్కన మాత్రం కొత్తది స్నేహంగా ఒదగాలి.

లోతు మిగిలిన చోట లప్పం. చిటికెడు గట్టిపరిచే ముద్ద కలిపితే అది కొద్ది నిమిషాలలోనే బిగుస్తుంది. కనుక కొంచెం కొంచెమే కలిపి, రేకు బద్దతో లాగుతారు. ఆరిన తరువాత చెక్కదిమ్మెకు ఉప్పుకాగితం చుట్టి రుద్దాలి. ఒట్టి వ్రేళ్ళతో రుద్దితే వ్రేళ్ళ ఆకారమే పడుతుంది. ఆ మీద కుర్రవాడు నల్లని పొడి పూశాడు. శుభ్రంగా ఉన్నదానికి మసి ఎందుకని ఆశ్చర్యపోయాను. మళ్ళీ రుద్దినప్పుడు ఎత్తుగా ఉన్న చోట నలుపు పోయింది, పల్లమైన చోట మిగిలింది. ఎక్కడ తప్పు మిగిలివుందో ఆ నలుపే చెబుతుంది.

ప్రైమరు కొట్టి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు నీటి కాగితంతో నునుపు చేశాక ముసుగు పని మొదలైంది. మాస్కింగ్ అని వాళ్ళూ అంటారు, నేనూ అలాగే అనడం నేర్చుకొన్నాను. దీనికి మేస్త్రి చెప్పిన మొదటి సూత్రం: విప్పగలిగినదాన్ని విప్పాలి, విప్పలేనిదానికే ముసుగు వెయ్యాలి. తలుపు పిడి, వెనుక దీపం, పక్క బద్దీ ఊడదీశారు. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఊడదీసేది కాదు. దాని అంచు కిందికి సన్నని తాడు దూర్చి, రబ్బరును కొద్దిగా పైకి లేపారు. రంగు రబ్బరు కిందిదాకా పోవాలట. రబ్బరు అంచు దగ్గర ఆగిపోతే కొన్నాళ్ళకు అక్కడినుంచే పెచ్చు లేస్తుందట.

టేపు అంటించే ముందు ఆ చోటును మళ్ళీ తుడిచారు. తడి మీదా దుమ్ము మీదా టేపు పట్టదు. అంచు వెంట టేపును సాగదీయకుండా పరిచి, గోటితో నొక్కుకొంటూ పోయాడు. సాగదీసి అంటిస్తే అది వెనక్కు ముడుచుకొని సందు ఇస్తుంది. ఆ సందు వెంట్రుకంత చాలు, రంగు లోపలికి పాకడానికి. తరువాత కాగితాలు. కిందినుంచి మొదలుపెట్టి పైకి, పెంకుటింటి పెంకుల్లాగా పైది కిందిదాని మీదకు వచ్చేట్లు కప్పారు. ప్రతి అతుకుకూ టేపు. గన్ను గాలికి కాగితం రెపరెపలాడితే దాని కింద దాగిన దుమ్మంతా లేచి తడి రంగు మీద వాలుతుంది.

కుర్రవాడు పాత దినపత్రికల కట్ట తెచ్చాడు. వెనుక అద్దానికి అంటించిన కాగితం చూద్దును కదా, ఒక సోమవారపు సాహిత్య పుట! అందులో సగం వ్యాసం అద్దం మీద, మిగతా సగం బంపరు మీద. అక్షరం కాలికి తగిలితే కళ్ళకద్దుకొనే తరం మాది. కొంచెం బాధపడి, కుర్చీ జరుపుకొని ఆ సగం చదువుతూ కూర్చొన్నాను. ఇంతలో మేస్త్రి వచ్చి, రంగు పడే చోటుకు పక్కనే పత్రిక వాడినందుకు కుర్రవాణ్ణి కోప్పడ్డాడు. థిన్నరు తడికి అచ్చు సిరా కరిగి పాత రంగుకు అంటుకొంటుందట. అక్కడ దళసరి గోధుమరంగు కాగితమే వెయ్యాలి. పత్రికలు దూరంగా, అదీ రెండు పొరలుగా.

ఈ టేపుకు ఒక చరిత్ర ఉంది. ఇంటికి వచ్చి చదివి తెలుసుకొన్నాను. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్ల మీద మోజు పెరిగింది. ఒక రంగు వేసేటప్పుడు రెండవదాన్ని కప్పడానికి పత్రికలనూ మాంసం పొట్లాలు కట్టే కాగితాన్నీ జిగురుతో అంటించేవారు. ఊడబెరికితే కొత్త రంగు కూడా లేచివచ్చేది. అప్పట్లో ఉప్పుకాగితం తయారుచేసే త్రీఎమ్ సంస్థలో రిచర్డ్ డ్రూ అనే యువకుడు, ఆ కాగితం ఎలా పనిచేస్తున్నదో చూద్దామని ఒక కార్ల షెడ్డుకు వెళ్ళి, ఈ అవస్థ చూసి చలించాడు. 1925లో మాస్కింగ్ టేపు తెచ్చాడు. ఇంజనీరింగు చదువు మధ్యలోనే మానినవాడతడు. అతడి ఘనత గట్టిగా అంటుకొనే జిగురు కనిపెట్టడం కాదు. అది అంతకుముందే ఉంది. అంటుకొని ఉండి, తీసినప్పుడు హాని చేయకుండా వచ్చేసే జిగురు కావాలని తెలుసుకోవడమే అతడి ఘనత.

మళ్ళీ షెడ్డుకు వస్తాను. ముసుగు పని సగంలో ఉండగా కుర్రవాడు టీ తెచ్చి, నా ఎడమపక్క స్టూలు మీద పెట్టాడు. నేను పత్రిక మడవబోయి చేయి ఆడించాను. గ్లాసు కింద పడి భళ్ళున పగిలింది. "చూసుకోలేదు నాయనా" అన్నాను. మేస్త్రి చేతిలోని టేపు చుట్ట పక్కన పెట్టి, నా ఎదురుగా గొంతుక్కూర్చొన్నాడు.

"మాస్టారూ, ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. మోటారు సైకిలువాడు గీశాడన్నారు. రుద్దుతుంటే గీతలో మీగడరంగు సున్నం వచ్చింది. పాత గీతలు రెండింటిలోనూ అదే. మూడూ ఒకే ఎత్తులో ఉన్నాయి. అది గోడండి."

నేను తల వంచుకొన్నాను.

"గోడకు తగలడం తప్పు కాదండి, అందరికీ తగులుతుంది. కాని మూడూ ఎడమవైపే. ఇప్పుడు గ్లాసూ ఎడమవైపే. మా నాన్నకూ ఇలాగే మొదలైందండి. ఎడమపక్కన కూర్చొన్న మనిషిని చూసేవాడు కాదు. వయసు అనుకొన్నాం. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి చాలావరకు పోయింది. మీరు రేపే కళ్ళు చూపించుకోండి."

ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను. నాకు అనుమానం లేకపోలేదు. మెట్టు తప్పడం, గుమ్మానికి భుజం తగలడం, ఎడమనుంచి వచ్చిన మనిషి ఉన్నట్టుండి ఎదుట ఊడిపడినట్లు అనిపించడం ఏడాదిగా ఉన్నవే. చదువుతున్న పుట మాత్రం స్పష్టంగానే కనబడుతున్నది కదా, అంతేచాలు అనుకొన్నాను. కారు తాళాలు పోతాయన్న భయం దానికి మెరుగు పూసింది.

మధ్యాహ్నం నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణిచారు. రేకు వేడి లేకుండా నీడన ఉందో లేదో చేత్తో తాకి చూశాడు. జిగురు గుడ్డతో ఆఖరిసారి తుడిచి గన్ను పట్టాడు. వెండిరంగు పలచగా రెండు మూడు పూతలు. ఏడెనిమిదేళ్ళ ఎండకు పాత రంగు కొంత మారివుంటుంది కనుక, కొత్త రంగును ఒకచోట గీత గీసినట్లు ఆపక, పక్క రేకులోకి క్రమంగా పలచబరుస్తూ కలిపేశాడు. ఆ పైన పారదర్శకమైన పైపూత మాత్రం రేకు అంచుదాకా నిండుగా వేశాడు. తలుపు సందుల దగ్గర టేపును పూర్తిగా నొక్కకుండా మడత పెట్టి వదిలాడు. అక్కడ అంచు మెత్తగా రావాలట. చెప్పినట్లే అరగంట.

ఆ అరగంటా నేను చూసింది రంగును కాదు. కారుకు అద్దాలనుంచి చక్రాలదాకా ముసుగు వేసిన మనిషి తన ముక్కుకు కట్టుకొన్నది ఒక చేతిరుమాలు. ఆ పైపూతలో కలిపే హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర ఊపిరితిత్తులకు పట్టి ఉబ్బసం తెస్తుంది. గుడ్డ దాన్ని ఆపదు. ఉదయంనుంచీ అతడి దగ్గు వింటూనే ఉన్నాను. అడిగితే, "దుమ్మండి, అలవాటే" అన్నాడు. నేను గీతల గురించి చెప్పిన సమాధానాలూ ఈ జాతివే.

పూత చేతికి అంటని స్థితికి వచ్చిందో లేదో, టేపు మీద పడిన రంగును తాకి చూశాడు. "ఇప్పుడు తియ్యాలి మాస్టారూ. బాగా గట్టిపడేదాకా ఉంచితే టేపుతోపాటు రంగు అంచు పెచ్చుగా లేస్తుంది. ఎండలో రెండు రోజులు ఉంచితే జిగురు అతుక్కుపోయి గోకినా రాదు." టేపు కొసను తనమీదికే మడిచి, రంగునుంచి దూరంగా, తొందర లేకుండా లాగాడు. సన్నని చప్పుడుతో అది లేచివచ్చింది. కింద పాత రంగు చెక్కుచెదరలేదు. సాహిత్య పుట వెండితుంపరలతో నేల మీద పడింది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకొన్నాను.

పైపూత ఆ రాత్రి ఆరాలన్నాడు. మరునాడు బఫింగు చేసి, ఊడదీసినవన్నీ బిగించి బండి అప్పగించాడు. నేను నడపలేదు. అతడి కుర్రవాడే తెచ్చి మా ఇంటి ముందు నిలిపాడు.

ఆ సాయంత్రమే మా శ్రీమతిని కూర్చోబెట్టి కర్తను సరిదిద్దాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "గోడ మీద గీరు నేను రోజూ ముగ్గు వేస్తూ చూస్తూనే ఉన్నాను. మీరే చెబుతారని ఊరుకొన్నాను" అంది చివరకు. కారుకు తగిలిన దెబ్బలన్నిటికంటె నాకు ఆ మాట ఎక్కువ తగిలింది.

కంటి ఆస్పత్రిలో ఒక తెల్లని గిన్నెవంటి యంత్రంలో గడ్డం ఆనించమన్నారు. నడుమ దీపాన్నే చూస్తూ, పక్కల ఎక్కడ చుక్క మెరిసినా మీట నొక్కాలి. చుక్కలు రావడం మానేశాయేమో అనుకొన్నాను. వస్తూనే ఉన్నాయట. నీటికాసులు. ఎడమకంట అంచు చూపు చాలావరకు తరిగింది, కుడికంట కొంత. అచ్చువేసి ఇచ్చిన పటంలో నల్లని మచ్చలున్నాయి. "మరి నాకు నలుపు కనబడదేమండీ?" అని వైద్యురాలిని అడిగాను. కన్ను చూడని చోటును చుట్టుపక్కల దృశ్యంతో మెదడే పూరించుకొంటుందని ఆమె చెప్పింది. శిథిలమైన తాళపత్రంలో లోపించిన అక్షరాలను పరిష్కర్త ఊహించి నింపినట్లన్నమాట. అక్కడ కుండలీకరణం వేస్తాడు. ఇక్కడ అదీ లేదు.

పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు నిత్యం వేసుకొంటే, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. కారు ఇక నడపవద్దన్నారు. అబ్బాయికి ఫోనులో మొదటినుంచీ చెప్పాను. "కారుదేముంది నాన్నగారూ" అని ఆగిపోయాడు. తరువాత వాడు అడిగినదంతా కంటి గురించే. కారు గురించి అసలు అడగలేదు.

వారం తరువాత మళ్ళీ ఆటోనగర్ వెళ్ళాను, ఆటోలో. రసాయనాల ఆవిరిని వడగట్టే, రెండు గుళికల ముసుగు ఒకటి కొని మేస్త్రి చేతిలో పెట్టాను. బయటినుంచి మంచి గాలిని గొట్టంతో అందించే ముసుగే అసలు రక్షణ అనీ, ఇది అంతకు తక్కువేననీ చెప్పాను. అతడు మొగమాటంగా నవ్వి దాన్ని గోడమేకుకు తగిలించాడు. "కన్ను చూపించుకొన్నారా?" అని అడిగాడు. చెప్పాను. "నువ్వు ఛాతీ చూపించుకో నాయనా" అన్నాను. తల ఊపాడు. మేకుమీది ముసుగు మొగానికి ఎక్కుతున్నదో లేదో నాకు తెలియదు. మళ్ళీ వెళ్ళి చూడాలి.

ముసుగులన్నీ చెడ్డవి కావు. బాగున్నదాన్ని, పని జరిగినంతసేపు కాపాడే ముసుగు మంచిదే. పని అయ్యాక వేళకు తీయాలి, అంతే. నేను వేసుకొన్నది తప్పును కప్పే ముసుగు. ఏడాదిపాటు తీయలేదు. తీసినప్పుడు కొంత చూపు దానితోపాటు పోయినట్లు తెలిసింది.

మీలో నలభై దాటినవారుంటే ఒక్కసారి కళ్ళు చూపించుకోండి. అద్దాల కోసం మాత్రమే కాదు. కంటి లోపలి ఒత్తిడినీ, వెనుకనున్న నరాన్నీ చూడమని అడగండి. ఇంట్లో పెద్దలకు ఈ జబ్బు ఉంటే మరీ ఆలస్యం చేయకండి. నొప్పి పుట్టి హెచ్చరించే జబ్బు కాదు ఇది.

కారు ఇప్పుడు నీడన ఉంది. తలుపు మీద ఎక్కడ అతికారో వెదికినా దొరకదు. అప్పుడప్పుడు కళ్ళు మూసుకొని అరచేయి ఆనించి చూస్తుంటాను.

స్వస్తి.